బక్క గిలాసలో పియాజే

మా నానమ్మకు నా చదువు గురించి చెప్పడం మానేసి చాలా రోజులైంది. "డిగ్రీ అయిపోయిందన్నవ్, మళ్ల టీటీసీ అంటున్నవ్, ఎనుకకు సదువుతున్నావురా బిడ్డా?" అని ఒకసారి అడిగింది. చిన్న పిల్లల టీచర్లకిచ్చే ఆ టీటీసీ ట్రైనింగ్ పేరు మారి ఏళ్లయింది, ఇప్పుడు దాన్ని డీఎడ్ అంటారని చెప్పబోయి ఆగిపోయాను. ఎందుకంటే నా పరిస్థితిని అంత పొట్టిగా, అంత కరెక్టుగా చెప్పినవాళ్లు ఇంకెవరూ లేరు.

సంగతేంటంటే, నేను కాకతీయ యూనివర్సిటీ కింద బీఎస్సీ చదివి, తర్వాత బీఎడ్ చేశాను. నాకు మొదటి నుంచీ చిన్న పిల్లలకు చెప్పే ఎస్‌జీటీ పోస్టు మీదే మనసు. 2018లో టీచర్ చదువుల నియమాలు పెట్టే ఎన్‌సీటీఈ వాళ్లు బీఎడ్ చేసినవాళ్లు కూడా ఐదో తరగతి దాకా చెప్పొచ్చన్నారు, 2022లో టీచర్ల అర్హత పరీక్ష టెట్‌లో మమ్మల్ని కూడా ప్రైమరీ వాళ్ల పేపర్-1 రాయనిచ్చారు, రాశాను, పాసయ్యాను, ఇంట్లో కోడిని కోశారు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అదేం కుదరదు, ప్రైమరీకి బీఎడ్ పనికిరాదు అంది. కోడి ఊరికే పోయింది. కోర్టు మీద నాకేం కోపం లేదు, చిన్న పిల్లలకు చెప్పడం వేరే విద్య అని ఇప్పుడు నేనే ఎవరికైనా చెప్తాను, ఎందుకో కింద చదివితే మీకే అర్థమవుతుంది.

అట్లా డీఎడ్ ఎంట్రెన్స్ డీసెట్ రాసి మళ్లీ మొదటికి వచ్చాను. మొదటి రోజు క్లాసులో అడుగుపెట్టగానే ఇంటర్ అయిపోయి వచ్చిన పిల్లలంతా లేచి నిలబడి గుడ్ మార్నింగ్ సార్ అన్నారు. నేను పోయి చివరి బెంచీలో కూర్చునేదాకా వాళ్లు కూర్చోలేదు. ఇప్పుడు అన్నా అంటున్నారు. ఒకమ్మాయి మాత్రం ఇంకా మీరు అనే అంటుంది, అదే ఎక్కువ బాధ.

డీఎడ్ గురించి బయటివాళ్లకు తెలియనిది ఒకటుంది, చదువుకన్నా రికార్డులే ఎక్కువ. పాఠ్యపథకం అని రాస్తాం, అందులో పక్కపక్కన రెండు గడులు ఉంటాయి, ఒకటి ఉపాధ్యాయ కృత్యం, రెండోది విద్యార్థి కృత్యం. ఉపాధ్యాయుడు ఏం అడుగుతాడో మొదటి గడిలో రాయాలి, సరే. పిల్లలు ఏం చెప్తారో రెండో గడిలో రాయాలి, అది కూడా బడికి పోకముందే, ముందు రోజు రాత్రే. "విద్యార్థులు ఉత్సాహంగా సమాధానం చెప్తారు" అని రాసేస్తాం. ఏ సమాధానమో, ఏ ఉత్సాహమో ఎవరికి తెలుసు! పెళ్లిచూపులకు పోకముందే అమ్మాయి ఒప్పుకుంది అని శుభలేఖ కొట్టించినట్టు.

సైకాలజీ రికార్డులో ఇంకా అన్యాయం. అందులో పియాజే ప్రయోగం ఒకటి చేయాలి. టెట్ కోసం చదివినవాళ్లకు పియాజే పేరు వింటేనే తల తిరుగుతుంది, ఇంద్రియ చాలక దశ, పూర్వ ప్రచాలక దశ, మూర్త ప్రచాలక దశ, అమూర్త ప్రచాలక దశ, పిల్లల ఆలోచన ఎదిగే ఈ నాలుగు దశలూ నిద్రలో లేపి అడిగినా చెప్తాం. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త ఆయన, 1896లో పుట్టాడు, సొంత పిల్లలు ముగ్గురినీ కూర్చోబెట్టి గమనించి గమనించి సిద్ధాంతాలు రాశాడు. (మా బాపు నన్ను గమనించి ఉంటే ఒకే వాక్యం రాసేవాడు.) ఈ ప్రయోగం ఏంటంటే, ఒకే రకం గ్లాసులు రెండింటిలో నీళ్లు సమానంగా పోసి పిల్లవాడికి చూపించాలి, సమానమేనా అంటే అవునంటాడు. తర్వాత వాడి కళ్ల ముందే ఒక గ్లాసులోని నీళ్లను సన్నగా పొడుగ్గా ఉన్న ఇంకో గ్లాసులోకి వంచి, ఇప్పుడు దేంట్లో ఎక్కువ ఉన్నాయి అని అడగాలి. ఏడేళ్ల లోపు, అంటే పూర్వ ప్రచాలక దశలో ఉన్న పిల్లలు పొడుగు గ్లాసులో ఎక్కువ ఉన్నాయంటారు, ఆకారం మారినా కొలత మారదనే పదిలపరచుకునే భావన వాళ్లకు ఇంకా రాలేదు కాబట్టి. కొంచెం పెద్దపిల్లలు సమానమే అంటారు. ఇంతే.

మా సీనియర్ల రికార్డులు ఐదారు చూశాను. అన్నింట్లోనూ పిల్లవాడి పేరు రాము, వయసు ఆరేళ్లు, "పొడవైన గ్లాసులో నీరు ఎక్కువగా ఉన్నది" అన్నాడు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఇన్నేళ్లుగా ఆరేళ్లు దాటకుండా, ఒకే మాట మీద నిలబడ్డ పిల్లవాడు ఈ రాము ఒక్కడే. నేను కూడా ప్రయోగానికి ముందు రోజు రాత్రి రాముతోనే ఆ మాట అనిపించి, కింద స్కెచ్ పెన్నుతో గీత కొట్టి పడుకున్నాను. కానీ మా కాలేజీ మేడమ్ ఈసారి బడికి వచ్చి చూస్తానంది. అందుకే గ్లాసులు వెతకాల్సి వచ్చింది.

మా ఇంట్లో షోకేసులో ఆరు గాజు గ్లాసుల సెట్టు ఉంటుంది. మా అక్క పెళ్లయినప్పుడు కొన్నారు. మా బావ వచ్చినప్పుడు తప్ప అవి బయటికి రావు, బావ కూడా వాటిలో తాగేటప్పుడు రెండు చేతులతో పట్టుకుంటాడు. అమ్మ గుడికి పోయిన టైం చూసి రెండు తీశాను. ఇక పొడుగు గ్లాసు. ఎంత ఆలోచించినా పొడుగ్గా, సన్నగా ఉండే గ్లాసు ఫలూదా బండి మీద తప్ప ఎక్కడా గుర్తు రాలేదు. హనుమకొండ చౌరస్తా దగ్గర బండాయన్ని అడిగితే "ఎందుకు?" అన్నాడు. "ప్రయోగం" అన్నాను. వంద రూపాయలు అడ్వాన్సు తీసుకున్నాడు. పియాజేకు ఈ బాధలు ఉండి ఉండవు.

నీళ్లయితే కనబడవని రస్నా కలిపి లీటరు సీసాలో పోశాను. గ్లాసులన్నీ పాత లుంగీలో చుట్టి బ్యాగులో పెట్టుకుని ధర్మసాగర్ దిక్కు పోయే బస్సెక్కాను. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఫ్రీ బస్సు మొదలైనప్పటి నుంచి నాలాంటి వాళ్లకు సీటు దొరకడం మానేసింది, నేనేం అనడం లేదు, మా అమ్మ కూడా అందులోనే తిరుగుతుంది. ఒక చేత్తో రాడ్డు, ఒక చేత్తో గుండెల మీద బ్యాగు. ఊరు రాకముందు ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది, అది డ్రైవర్‌కు ఎన్నడూ కనబడదు. బస్సు ఎగిరింది, నేను ఎగిరాను, బ్యాగులో టప్‌మని చిన్న చప్పుడు. ఆ వెనకే గాజు పెంకులు గలగలా కదులుతున్న చప్పుడు. పక్క సీట్లో పెద్దమ్మ బ్యాగు జిప్పులోంచి బయటికి కనబడుతున్న పచ్చటి సీసా చూసింది, నా మొహం చూసింది. "పొద్దుగాలనేనా బిడ్డా" అంది. సమాధానం చెప్పే ధైర్యం లేక నేను కిటికీలోంచి బయటికి చూశాను.

బడికి పోయి విప్పి చూస్తే ఫలూదా గ్లాసు నిక్షేపంగా ఉంది, షోకేసు గ్లాసుల్లో ఒకటి మూడు ముక్కలైంది. ఒకే రకం గ్లాసులు రెండు లేకుండా ప్రయోగం మొదలే కాదు. మధ్యాహ్న భోజనం వండే అక్క దగ్గరికి పోయి మొర పెట్టుకుంటే ఇంటికి పోయి రెండు స్టీలు గ్లాసులు తెచ్చి ఇచ్చింది. ఒకటే సైజు, ఒకటే తీరు, రెండింటి మీదా చుక్కల అక్షరాలతో పేరు కొట్టి ఉంది. సంతోషపడ్డాను. స్టీలు గ్లాసులో నీళ్ల మట్టం బయటికి కనబడదు కదా అన్న సంగతి బల్ల మీద పెట్టినంక గాని తట్టలేదు.

అప్పటికే మేడమ్ వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. ఒకటో తరగతి, రెండో తరగతి ఒకే గదిలో. నేను గంభీరంగా "పిల్లలూ, ఇక్కడ ఏమున్నాయి?" అన్నాను. నా పాఠ్యపథకం ప్రకారం విద్యార్థి కృత్యం: "రెండు గ్లాసులు ఉన్నాయి అని చెప్తారు." ముందు వరసలో రెండో తరగతి పిల్లవాడు ముక్కు గ్లాసుకు ఆనించి చుక్కల అక్షరాలు కూడబలుక్కుంటున్నాడు: "పెం...డ్లి... కా...ను...క..." అందరూ గొల్లుమన్నారు. వాకిట్లో నిలబడి చూస్తున్న వంటక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేడమ్ ఏదో రాసుకుంది.

మొదటి పిల్లవాడిని పిలిచాను. గ్లాసుల్లోకి తొంగి చూడాలంటే వాడు మునివేళ్ల మీద లేవాలి, లేచాడు, చూశాడు. "ఒక్క తీరే ఉన్నయ్ సార్." శభాష్. ఒక గ్లాసు తీసుకుని ఫలూదా గ్లాసులోకి వంచాను. స్టీలు గ్లాసు అంచులోంచి ఏదైనా వంచితే సగం గోడ వెంబడే కారుతుందని చిన్నప్పుడు పాలు పోస్తూ తిట్లు తిన్న ప్రతివాడికీ తెలుసు, నాకూ తెలుసు, ఆ టైంకు గుర్తు రాలేదు. రస్నా గ్లాసు వెంబడి కారి, బల్ల మీదికి, బల్ల మీది నుంచి నా ప్యాంటు మీదికి వచ్చింది. చెయ్యి వణకకుండా అడిగాను, "ఇప్పుడు చెప్పు, దేంట్లో ఎక్కువ ఉంది?"

"ఇండ్ల తక్కువున్నయ్ సార్" అన్నాడు పొడుగు గ్లాసు చూపించి.

ఇది పుస్తకంలో లేదు. ఎక్కువ అనాలి, లేదంటే సమానం అనాలి. "ఎందుకు తక్కువ?"

"మీరు కింద ఒలకబోశిన్రు గద."

వెనక మేడమ్ దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

బల్ల తుడిచి, మళ్లీ సమానంగా పోసి, ఇంకో పిల్లవాడిని పిలిచాను. ఈసారి చుక్క కింద పడకుండా వంచాను. వీడు రెండూ చూసి, నన్ను చూసి, మెల్లగా "పొడుగు దాంట్ల ఎక్కువున్నయ్" అన్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది. రాము దొరికాడు! మేడమ్ వైపు గర్వంగా చూసి, ఇంకొంచెం మార్కులు వస్తాయని "ఎందుకు అట్లా అనుకుంటున్నావ్?" అని అడిగాను. అడగకుండా ఉంటే అయిపోయేది.

"ముందుగాల ఒక్క తీరే అన్న గద సార్. మళ్ల అదే అడిగిన్రు. తప్పు చెప్పిన్నేమో అనుకున్న."

గదిలో ఒక్క నిమిషం ఎవరం మాట్లాడలేదు. అప్పుడు లేచింది మూడో బెంచీలోని ఒకటో తరగతి పిల్ల, నేను పిలవనే లేదు. వాళ్ల బాపు తాటిచెట్లు ఎక్కుతాడట. "సార్, మా బాపు లొట్టిలకెళ్లి సీసల పోస్తడు. సీసల పోస్తే కల్లు ఎక్కువైతదా?" అని నన్నే అడిగింది. నేను కాదన్నట్టు తల ఊపాను. "నురుగు పొంగితే ఎక్కువున్నట్టు కొడ్తది, అది ఉత్తదే" అని కూర్చుంది. ఆరేళ్లు నిండాయో లేదో! పూర్వ ప్రచాలక దశ అంట, కల్లు మండువ కాడికి పోయి చెప్పాలి ఆ మాట.

నాలుగో తరగతి పిల్లలతో కూడా చేయాలని రాసుకున్నాను గానీ, వాళ్లలో మొదటివాడే "ఏదైతేంది సార్, తాగనియ్యన్రి" అనేసరికి ప్రయోగం అక్కడితో ముగిసింది. వంటక్క గంటె తెచ్చి, ఉన్న రస్నాను ఇరవై మూడు మందికి ఒక్కరికి ఎక్కువ, ఒక్కరికి తక్కువ లేకుండా పంచింది. కొలతల పాఠం ఏదైనా జరిగిందంటే ఆ రోజు అదే.

సాయంత్రం బస్సు కోసం వేపచెట్టు కింద నిలబడ్డప్పుడు మేడమ్ చెప్పింది, ఆ రెండో పిల్లవాడు అన్న మాట చిన్నది కాదని. 1974లో మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ అని ఇద్దరు పరిశోధకులు, పెద్దవాళ్లు కావాలని మార్చి మళ్లీ అదే ప్రశ్న అడిగితే పిల్లలు తికమకపడుతున్నారేమో అని ఇట్లాంటి ప్రయోగమే వేరే తీరుగా చేశారట. సమానంగా పేర్చిన రెండు బిళ్లల వరసల్లో ఒకదాన్ని ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెడగొట్టినట్టు చేసి అడిగితే, ఆ ఈడు పిల్లలే చాలామంది 'అన్నే ఉన్నాయి' అన్నారట. "నీకు ఎలుగుబంటి అక్కర్లేదు బాబూ, ఒలకబోయడం నీకే వచ్చు" అంది. ఆ తర్వాత రికార్డు అడిగింది.

ఇచ్చాను. తిరగేసింది. "ఈ రాము ఎవరు? హాజరుపట్టీ చూశాను, ఈ బడిలో రాము అనే పిల్లవాడే లేడు." నేను వేపచెట్టు వైపు చూశాను. ఎర్ర పెన్నుతో పేజీకి అడ్డంగా రీరైట్ అని రాసి చేతిలో పెట్టింది.

ఫలూదా గ్లాసు తిరిగిచ్చి వంద తెచ్చుకున్నాను, అందులో యాభై పెట్టి ఫలూదా తాగాను, అది వేరే సంగతి. ఇంటికి వచ్చేసరికి అమ్మ వంటింట్లో ఉంది. చప్పుడు కాకుండా షోకేసు తెరిచి, మిగిలిన గ్లాసును మెల్లగా లోపల పెట్టాను. ఐదు. ఒక పక్క ఖాళీ కొట్టొచ్చినట్టు కనబడుతోంది. అప్పుడు ఆలోచన వచ్చింది, రెండేళ్ల చదువు ఎక్కడికి పోతుంది, ఐదింటినీ కొంచెం కొంచెం దూరం జరిపి అర మొత్తం నిండేటట్టు సర్దాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా గ్లాసులే. దూరం నుంచి చూసుకుంటే నాకే ఆరు ఉన్నట్టు అనిపించింది.

అమ్మ చేతిలో చాయ్‌తో వచ్చి గుమ్మంలో నిలబడింది. షోకేసు వైపు ఒక్కసారి చూసింది.

"దూరం దూరం పెడితే ఐదు ఆరైతయారా? ఆరోది ఏది?"