విలియమ్స్‌బర్గ్ టూర్లో బానిసల కథ పక్కదారిలోనే ఎందుకుండాలి?

వర్జీనియాలో ఉండే తెలుగు కుటుంబాలకు విలియమ్స్‌బర్గ్ అంటే ముందు గుర్తొచ్చేది బుష్ గార్డెన్స్. పిల్లలతో రోలర్ కోస్టర్లు ఎక్కడం అయ్యాక, ఇంకో పూట మిగిలితే ‘ఆ పాత ఊరు కూడా ఓసారి చూసేద్దాం’ అని కలోనియల్ విలియమ్స్‌బర్గ్ వైపు వస్తారు, అంటే 18వ శతాబ్దపు ఊరినే మ్యూజియంగా చూపించే చోటికి. డ్యూక్ ఆఫ్ గ్లాస్టర్ స్ట్రీట్ మీద ఆ చివర నుంచి ఈ చివరకు దాదాపు మైలు దూరం నడిచి, గుర్రపు బగ్గీ పక్కన ఒకటి, మూడు మూలల టోపీ పెట్టుకున్న మనిషి పక్కన ఒకటి ఫోటో దిగి వెళ్లిపోతారు. వీధిలో తిరగడానికి టికెట్ అక్కర్లేదు. ఇళ్లలోకి, పనివాళ్ల దుకాణాల్లోకి వెళ్లాలంటేనే కావాలి, అదీ చౌకేమీ కాదు కాబట్టి నలుగురున్న కుటుంబం లెక్క వేసుకుని బయటి నుంచే చూసి సరిపెట్టుకోవడం నాకు అర్థమవుతుంది. కానీ అలా చూసినవాళ్లకు ఆ ఊరి ముస్తాబు ఒక్కటే కనిపిస్తుంది. టికెట్ కొన్నవాళ్లకు కూడా, కాస్త ఓపిగ్గా వెతుక్కుంటే తప్ప, అసలు ఊరు కనపడకుండా పోయే ప్రమాదం ఉంది. నా అభ్యంతరం అక్కడే.

ఈ ఊరు 1699 నుంచి 1780 దాకా వర్జీనియా రాజధాని. ఆ తర్వాత రాజధాని రిచ్‌మండ్‌కు వెళ్లిపోయింది, ఊరు చిన్నదైపోయింది. బ్రూటన్ పారిష్ చర్చి పాస్టర్ డబ్ల్యు.ఎ.ఆర్. గుడ్‌విన్ వెంటపడి మరీ కోటీశ్వరుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్‌ను ఒప్పిస్తే, 1926లో ఊరిని మళ్లీ పాత రూపానికి తెచ్చే పని మొదలైంది. ఇప్పుడు 300 ఎకరాల్లో వందలాది కట్టడాలున్నా, నిజంగా 18వ శతాబ్దం నుంచి నిలిచినవి 90 లోపే. గవర్నర్స్ ప్యాలెస్ 1781లో కాలిపోయింది, మనం క్యూలో నిలబడి చూసేది పాత పునాదులు తవ్వి, దొరికిన పాత చిత్రాలు చూసి కట్టి 1934లో తెరిచిన భవనం. అలా కట్టడం తప్పని నేననను, చాలా శ్రద్ధగా కట్టారు. నేననేదల్లా, గోడలు కొత్తవే అయినప్పుడు ఆ ఊరికి ప్రాణం పోసేది అక్కడ ఆ కాలపు బట్టలు కట్టుకుని నిలబడి మాట్లాడే మనిషే. ఆ మనిషి ఏ ఇంట్లో నిలబడాలి, ఎవరి గురించి చెప్పాలి, ఎంతసేపు చెప్పాలి అనేది మ్యూజియం చేతిలో ఉంటుంది. టూర్ దారి వేయడమంటే చరిత్రలో ఎవరు ముఖ్యమో తీర్పు చెప్పడమే.

ముందు బాగున్నవి బాగున్నాయని చెప్పాలి. అక్కడ కమ్మరి ఉన్నాడు, పీపాలు చేసేవాళ్లు, తుపాకులు చేసేవాళ్లు, విగ్గులు అల్లేవాళ్లు, చేత్తో అక్షరాలు కూర్చి అచ్చేసేవాళ్లు ఉన్నారు. వీళ్లది నటన కాదు, ఏళ్ల తరబడి అప్రెంటిస్‌గా ఉండి పాత పద్ధతిలోనే పని నేర్చుకుంటారు. ఈ కాలం మనుషుల్లాగే మాట్లాడతారు కాబట్టి ఏమైనా అడగొచ్చు. నాకు అన్నిటికంటే ఇటుకలు చేసే చోటు ఇష్టం. వేసవిలో పిల్లలు చెప్పులు విప్పేసి గుంటలోకి దిగి మట్టి తొక్కుతారు, వేళ్ల సందుల్లోంచి బురద జారుతుంటే ఒకటే కేరింతలు. పనివాళ్లు ఆ ముద్దను చెక్క అచ్చులో కొట్టి ఇటుకలు కోసి, వరసగా ఆరబెడతారు. చలి మొదలయ్యే ముందు బట్టీ పేర్చి, కట్టెలు పెట్టి రోజుల తరబడి కాలుస్తారు. ఆ ఇటుకలు అక్కడి కట్టడాలకే వాడతారు. పిల్లలు మర్చిపోలేని అనుభవం.

అయితే 18వ శతాబ్దపు వర్జీనియాలో ఆ మట్టి తొక్కింది చాలావరకు బానిసలు, వాళ్లలో చిన్నపిల్లలూ ఉన్నారు. ఎండలో రోజంతా ఇటుకలు మోసిన పిల్లలు. ఆ ఒక్క ముక్క, పిల్లాడి కాళ్లు ఇంకా బురదలో ఉండగానే చెప్పాలి. చెప్పడానికి అర నిమిషం పట్టదు. చెబితే ఆ బురదకు బరువొస్తుంది, చెప్పకపోతే అది ఇంకో వేసవి ఆట అయిపోతుంది. చెప్పడమా మానడమా అన్నది ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్ల ఇష్టానికి వదిలేసే విషయం కాదు.

ఎందుకంటే స్వాతంత్ర్య పోరాటం నాటికి ఈ ఊళ్లో సగం మంది, నిజానికి సగం కంటే కాస్త ఎక్కువే, నల్లజాతివాళ్లు. వాళ్లలో చాలామంది బానిసలు. అలాంటి ఊరిని మ్యూజియం చేసి, వాళ్ల జీవితాలను చూపించే ప్రోగ్రాంలు మొదలుపెట్టడానికి 1979 దాకా పట్టింది. 1994 అక్టోబర్ 10న వెదర్‌బర్న్స్ టావెర్న్ మెట్ల మీద బానిసల వేలంపాటను నటించి చూపించారు. రెండు వేల మంది దాకా జనం పోగయ్యారు. మ్యూజియంలో ఆఫ్రికన్ అమెరికన్ విభాగాన్ని నడిపిన క్రిస్టీ కోల్‌మన్ స్వయంగా గర్భవతి అయిన బానిస స్త్రీగా నిలబడ్డారు. పూర్వీకుల బాధను తమాషా చేస్తున్నారని పౌరహక్కుల సంఘాలవాళ్లు వచ్చి గట్టిగా అడ్డుపడ్డారు. తీరా కళ్లారా చూశాక, అడ్డుపడినవాళ్లలో ఒక ముఖ్య నాయకుడు తన అభిప్రాయం మార్చుకున్నారు. అయినా ఆ వేలాన్ని మ్యూజియం మళ్లీ వేయలేదు. ఆ నటులు మోయాల్సిన భారం తలుచుకుంటే ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టలేను. ఆ రోజు తెగువ చూపించారు, ఆ తెగువ రోజువారీ టూర్లోకి ఎంత దిగింది అన్నదే నా ప్రశ్న.

ప్యాలెస్ టూర్ చూడండి. లోపలికి అడుగుపెట్టగానే హాలు గోడల నిండా వరసలు తీర్చిన తుపాకులు, కత్తులు, ఎవరికైనా నోట మాట రాదు. తర్వాత డైనింగ్ రూం, బాల్‌రూం, తోట. ఈ ఇంట్లో ఉన్న ఆఖరి బ్రిటిష్ గవర్నర్ డన్‌మోర్ బానిసల యజమాని. అదే మనిషి 1775 నవంబర్‌లో, తిరుగుబాటుదార్ల దగ్గర్నుంచి పారిపోయి వచ్చి తన పక్షాన తుపాకి పట్టే బానిసలకు స్వేచ్ఛ ఇస్తానని ప్రకటించాడు. ఆ గోడల మధ్య నిలబడి చెప్పడానికి ఇంతకంటే కథ ఏముంటుంది? నేను విన్న టూర్లలో అది గైడ్‌ను బట్టి ఒకసారి ఐదు నిమిషాలు, ఇంకోసారి ఒక వాక్యం.

పక్కనే నడిచి వెళ్లగలిగే దూరంలో పేటన్ రాండాల్ఫ్ ఇల్లుంది. 1774లో మొదటి కాంటినెంటల్ కాంగ్రెస్‌కు, అంటే అమెరికా కాలనీల ప్రతినిధుల సభకు, అధ్యక్షుడాయన. ఆయన చనిపోయాక తీసిన ఆస్తి జాబితాలో సామాన్లతో పాటు 27 మంది బానిసల పేర్లున్నాయి. వాళ్లలో ఈవ్ అనే ఆమె రాండాల్ఫ్ భార్య బెట్టీకి దాసి. యుద్ధం జరుగుతుండగా కొడుకు జార్జ్‌ను తీసుకుని బ్రిటిష్ సైన్యం వైపు పారిపోయింది. ఆమె ప్రవర్తన బాగాలేక అమ్మేయాల్సి వచ్చిందని బెట్టీ తన వీలునామాకు చేర్చిన కాగితంలో రాయించింది. స్వేచ్ఛ గురించి సభల్లో మాట్లాడిన ఇంట్లోనే, స్వేచ్ఛ కోసం పరుగెత్తిన మనిషి ఉంది. పిల్లలకు అమెరికా విప్లవం అర్థం కావాలంటే నేనైతే ప్యాలెస్ కంటే ముందు ఈ ఇంటికే తీసుకెళ్తాను.

మ్యూజియం ఏమీ చేయడం లేదంటే అన్యాయమవుతుంది. నల్లజాతివాళ్లు 1776లో మొదలుపెట్టుకున్న ఫస్ట్ బాప్టిస్ట్ చర్చి ఉన్న స్థలాన్ని 1950ల్లో ఈ సంస్థే కొని, అక్కడున్న చర్చి భవనం కూల్చేసి, పైన పార్కింగ్ వేసింది. 2020లో అదే సంస్థ ఆ స్థలాన్ని తవ్వడం మొదలుపెట్టి, అరవైకి పైగా సమాధుల ఆనవాళ్లు బయటపెట్టి, ప్రతి అడుగూ ఆ చర్చి వారసులను అడిగి వేసింది. 1760 నుంచి 1774 దాకా నల్లజాతి పిల్లలకు చదువు చెప్పిన బ్రే స్కూల్ భవనాన్ని గుర్తించి, 2023లో దాన్ని అలాగే బండి మీదికి ఎత్తి చారిత్రక ప్రాంతంలోకి తెచ్చారు. మంచి పనులు. కానీ ఇవన్నీ విడివిడి స్టాపులే. టైం ఉన్నవాళ్లు వెళ్తారు, లేనివాళ్లు వదిలేస్తారు.

డబ్బు సంగతీ ఉంది. సందర్శకుల సంఖ్య 1980ల నాటితో పోలిస్తే సగానికి పడిపోయిందని, అప్పులు 30 కోట్ల డాలర్లు దాటాయని 2017లో సంస్థే ప్రకటించి ఉద్యోగులను తీసేసింది. అంతకుముందు 2007లో కార్టర్స్ గ్రోవ్ అనే పాత ప్లాంటేషన్‌ను అమ్మేసినప్పుడు, 1989 నుంచి అక్కడ చూపిస్తూ వచ్చిన బానిసల గుడిసెలు కూడా చేయి దాటిపోయాయి. ప్రధాన టూర్లో కలిసిపోయిన కథను ఎవరూ తీసేయలేరు, పక్కన పెట్టిన కథ మాత్రం ఖర్చు తగ్గించుకునే రోజున మొదట పోతుంది.

మసాచుసెట్స్‌లోని ప్లిమత్ పటుక్సెట్ మ్యూజియం పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. అక్కడ ఇంగ్లీషు వలసదార్ల వేషం వేసినవాళ్లు 17వ శతాబ్దం మనుషుల్లా మాట్లాడతారు. వాంపనోగ్ వాడలో ఉండే ఆదివాసులు మాత్రం నటించరు, ఇవాళ్టి మనుషులుగా తమ పూర్వీకుల గురించి చెబుతారు. విలియమ్స్‌బర్గ్‌లోనూ రెండు పద్ధతులూ ఉన్నాయి. బానిస పాత్ర వేసే ఉద్యోగికి, సందర్శకులెవరైనా నోటికొచ్చిన ప్రశ్న వేస్తే పాత్రలోంచి బయటికొచ్చి జవాబు చెప్పే హక్కు, ఆ పనికి తగ్గ జీతం, మధ్యలో విశ్రాంతి ఉండాలి.

ఇందులో మన వాళ్లకు సంబంధం లేదనుకోకండి. కోరమండల్ తీరంలో, మచిలీపట్నం చుట్టుపక్కల చేత్తో రంగులద్దిన బట్టలు లండన్ మీదుగా ఈ కాలనీలకు చేరేవి. 1721 చట్టం ఇంగ్లండ్‌లో వాటిని కట్టుకోవద్దన్నా, కాలనీలకు అమ్ముకోవడానికి అడ్డు చెప్పలేదు. బట్టలే కాదు, మనుషులూ చేరారు. 1768లో వర్జీనియా గెజెట్‌లో థామస్ గ్రీన్‌విచ్ అనే ‘ఈస్ట్ ఇండియా ఇండియన్’ పారిపోయాడంటూ ప్రకటన పడింది. పారిపోయిన బానిసల ప్రకటనలు ఆ పత్రిక నిండా ఉండేవి, ప్రింటర్‌కు వాటి మీద డబ్బులొచ్చేవి. ప్రింటింగ్ ఆఫీసులో పిల్లల ముందు అక్షరాలు కూర్చి చూపిస్తారు కదా, మ్యూజియాన్ని నేను అడిగేది ఇదే: వారంలో ఒక రోజైనా అలాంటి ఒక ప్రకటనను మొత్తం కూర్చి, అచ్చేసి, దాని కింద ఆ మనిషి గురించి తెలిసినంత రాసి, టికెట్ కొన్నవాళ్లకూ కొననివాళ్లకూ వీధిలోనే పంచండి.