ఎల్‌ఎక్స్‌ఐ గారి గడ్డంకత్తి

మొన్న ఆదివారం బెంగళూరు చిక్కపేట సంతలో ఎనిమిది వందలు పోసి పాత మడత గడ్డంకత్తి కొన్నాను. "జర్మనీ సరుకు సార్" అన్నాడు అమ్మినాయన. ఇంటికొచ్చి మిషన్ నూనెతో తుడిస్తే "షెఫీల్డ్, ఇంగ్లాండ్" అని తేలింది. దాని పైన ఇంకో వరుస ఉంది గానీ, మెరిస్తే ధర పలుకుతుందని ఆ మహానుభావుడు బఫ్ పట్టించేశాడు. బఫ్‌కి ముందు పోయేది తుప్పు కాదు, అక్షరాలే.

కత్తి ఎవరు చేశారో అలుగు మీద వెతికితే దొరకదు. అక్కడ మెరిసే "హాలో గ్రౌండ్", "వారంటెడ్" లాంటివన్నీ బడాయిలే. అలుగుకీ పిడి రివిటుకీ మధ్య మొద్దు మెడ ఉంటుంది చూడండి, అచ్చు దాని మీద, రెండువైపులా చూడాలి. ఎమెరీ కాగితం దగ్గరికి రానివ్వకండి. సుద్దపొడి రాసి పైపైన తుడిస్తే గుంటల్లో తెలుపు నిలుస్తుంది. ఆపైన టార్చి ఏటవాలుగా కొట్టాలి.

ఇన్ని తెలిసీ, వైట్‌ఫీల్డ్ నుంచి మా బావమరిది ఫోన్లో "చపాతీ పిండిలో నొక్కండి బావా, అచ్చు పడుతుంది" అనగానే కత్తి మెడని నొక్కేశాను.

ఎల్, ఎక్స్, నక్షత్రం, ఐ. ఎల్ అటు తిరిగి ఉంది, తుప్పు కొరికిందనుకున్నాను.

"రోమన్ అంకెలు బావా! 61! అంటే 1861!"

"ఇంగ్లాండ్ అని ఉందిగా! అలా దేశం పేరు కొట్టడం అమెరికా సుంకం చట్టం వల్ల 1891 నుంచి పెరిగిందిరా."

"ఇది అమెరికా వెళ్లిందా ఏంటి, చిక్కపేట కొచ్చింది."

వాడికి ఎప్పుడూ ఇలాంటి సమాధానాలే తడతాయి. వీడియో కాల్ పెట్టి, ముందు కెమెరాకి ముద్ద చూపించాను. నా తెరమీద చక్కగా ఐ, నక్షత్రం, ఎక్స్, ఎల్!

"ఐ-ఎక్స్-ఎల్ రా!"

"కళ్లజోడు మార్చండి. ఎల్-ఎక్స్-ఐ."

ముద్దని తలకిందులు చేశాను, పక్కకి తిప్పాను, గాల్లో ఊపాను. పిండి పోయి ఒంటరిగా మిగిలిన అప్పడాల కర్రతో మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. పిండిలో అచ్చు అద్దంలోలా తిరగబడుతుంది. ముందు కెమెరా మన బొమ్మని మనకి మళ్లీ తిప్పి చూపిస్తుంది, అవతలివాడికి ఉన్నదున్నట్టే పంపుతుంది. పది నిమిషాలు ఇద్దరం నిజమే చెప్పుకుంటూ తిట్టుకున్నాం.

ఐ-ఎక్స్-ఎల్ అంటే షెఫీల్డ్‌లో ఒకప్పటి కత్తుల కంపెనీ జార్జ్ వోస్టన్‌హోమ్ వాళ్ల గుర్తు. కలిపి చదివితే "ఐ ఎక్సెల్", నేనే మేటి అని.

ఇదంతా వివరంగా రాసి పంపాను. రాత్రి పదకొండింటికి జవాబొచ్చింది: "అయితే 61 మోడల్ నంబరేమో బావా?"