ఉపాధ్యాయుడు, చిరువ్యాపారి ఎమ్మెల్యేగా పోటీ చేయకూడదని ఎవరన్నారు?

“ఉపాధ్యాయులు, చిన్న వ్యాపారులు ఎమ్మెల్యేగా పోటీ చేయడానికి చట్టం ఒప్పుకోదు. ఈ నిబంధనలు మీకు తెలుసా?” అని మొదలై, “కనీసం పదిమందికి పంపండి” అని ముగిసే సందేశం ఒకటి చాలాకాలంగా వాట్సాప్‌లో తిరుగుతోంది. మొదట్లో చూసి వదిలేశాను. ఇప్పుడు దానిని నాకు పంపుతున్నవారు ప్రైవేటు బడుల్లో పాఠాలు చెప్పే మిత్రులు, ట్యూషన్ సెంటర్లు నడిపేవారు, బస్టాండు దగ్గర స్టేషనరీ దుకాణం పెట్టుకున్నవారు; అంటే ఎవరిని పోటీకి పనికిరారని అది తీర్పు చెబుతోందో వారే దానిని ఒకరికొకరు పంచుకుంటున్నారు. పగలు బడిలో లెక్కలు చెప్పి, సాయంత్రం సొంత జిరాక్సు దుకాణంలో కూర్చునే మాస్టారు ఎవరైనా వచ్చే ఎన్నికల్లో నిలబడదామా అని ఆలోచిస్తే, ఆ ఆలోచనను మొగ్గలోనే తుంచేయడానికి ఈ సందేశం చాలు. అందుకే దానికి జవాబు రాయక తప్పడం లేదు.

నిలబడని మాటలను ముందు పక్కన పెడదాం. డిగ్రీ ఉండాలట: శాసనసభకు పోటీ చేయడానికి ఏ విద్యార్హతా అక్కర్లేదు. ఇద్దరికి మించి పిల్లలుండకూడదట: అది స్థానిక సంస్థల ఎన్నికలకు పెట్టిన నిబంధన, శాసనసభకు ఏనాడూ వర్తించలేదు. సొంత నియోజకవర్గంలోనే ఓటు ఉండాలట: రాష్ట్రంలో ఏ శాసనసభ నియోజకవర్గంలో ఓటరైనా చాలు, వేరే చోట నిలబడేటప్పుడు ఓటరు జాబితాలో తన పేరున్న భాగానికి ధ్రువీకరించిన నకలు జతచేయాలి. డిపాజిట్ లక్ష రూపాయలు, ఓటర్ల సంతకాలు వెయ్యి కావాలట: డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5,000, స్వతంత్ర అభ్యర్థికి ఆ నియోజకవర్గపు ఓటర్లు 10 మంది ప్రతిపాదకులుగా సంతకం చేస్తే సరిపోతుంది. గెలిస్తే దుకాణం మూసేయాలట: ఎమ్మెల్యే సొంత వ్యాపారం చేసుకోకూడదని ఏ చట్టంలోనూ లేదు.

పోలీసు కేసు ఉంటే పోటీకి వీల్లేదన్న మాటకు ఇంకొంచెం జవాబు కావాలి. కేసు నమోదైనంత మాత్రాన అనర్హత రాదు, శిక్ష పడితేనే వస్తుంది. అది కూడా సాధారణంగా రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడినప్పుడు. అయితే వ్యాపారులు తప్పక తెలుసుకోవలసిన ఒక మెలిక ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్‌లో ఉంది. ఆహార పదార్థాల కల్తీ, అక్రమ నిల్వల వంటి నేరాల్లో ఆరు నెలల శిక్ష పడినా చాలు, అనర్హత వర్తిస్తుంది, విడుదలైన తరువాత మరో ఆరేళ్లు కొనసాగుతుంది. కిరాణా కొట్టు నడిపేవారికి నిజంగా పనికొచ్చే ఈ ఒక్క విషయాన్నీ సందేశం రాసినవారు వదిలేశారు.

ఇక ఉపాధ్యాయుల సంగతి. “టీచరుగా పనిచేసినవారు రాజీనామా చేసిన ఐదేళ్ల వరకు పోటీ చేయకూడదు” అని సందేశం అంటోంది. ఈ ఐదేళ్ల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే, అదే చట్టంలోని 9వ సెక్షన్ కనిపిస్తుంది: అవినీతి కారణంగా గాని, రాజ్యం పట్ల ద్రోహం కారణంగా గాని ప్రభుత్వ ఉద్యోగం నుంచి తొలగించబడినవారికి, తొలగించిన తేదీ నుంచి ఐదేళ్ల అనర్హత ఉంటుంది. అవినీతికి పాల్పడి ఉద్యోగం పోగొట్టుకున్నవారికి పెట్టిన నిబంధనను, పాతికేళ్లు మచ్చ లేకుండా పాఠాలు చెప్పి రాజీనామా చేసిన ఉపాధ్యాయుడికి అంటగట్టడం ఎంత అన్యాయమో ఫార్వర్డు చేసే ముందు ఒక్కరికైనా తట్టలేదా? ప్రభుత్వ బడిలో పనిచేస్తున్న ఉపాధ్యాయుడు ఉద్యోగంలో ఉంటూ పోటీ చేయలేడన్నది నిజమే. ఆయనది ప్రభుత్వం కింద ఉండే లాభదాయక పదవి, అంటే ప్రభుత్వం జీతమిచ్చే కొలువు; అది ఉండగా పోటీకి అర్హత ఉండదు. పైగా సర్వీసు ప్రవర్తనా నియమాలు కూడా ఒప్పుకోవు. సెలవు పెట్టి నిలబడదామంటే కుదరదు. రాజీనామా ఇవ్వాలి, అది ఆమోదం పొందాలి, నామినేషన్ల పరిశీలన నాటికి ఆయన ఉద్యోగిగా ఉండకూడదు. అంతకు మించి ఒక్కరోజు కూడా వేచి ఉండనక్కర్లేదు. పదవీ విరమణ చేసి పింఛను తీసుకుంటున్నవారికి ఏ అడ్డంకీ లేదు, ఎందుకంటే పింఛను పదవి కాదు. ప్రభుత్వ సాయం లేని ప్రైవేటు బడిలో పనిచేసేవారిది, ట్యూషన్లు చెప్పుకునేవారిది అసలు ప్రభుత్వ పదవే కాదు. వారు యాజమాన్యంతో మాట్లాడుకోవలసిందే తప్ప ఎన్నికల చట్టం వారి జోలికి రాదు.

దీనికి అతికించిన ఇంకో ముక్క, “ఉపాధ్యాయులు కావాలంటే శాసన మండలి టీచర్ల స్థానానికే వెళ్లాలి, అక్కడ టీచర్లు తప్ప ఇంకెవరూ నిలబడరు” అన్నది. రెండు సగాలూ తప్పే. మండలి ఉపాధ్యాయ స్థానంలో ఓటు వేయడానికి, ఉన్నత పాఠశాల స్థాయికి తగ్గని విద్యాసంస్థలో కనీసం మూడేళ్లు బోధించి ఉండాలి. పోటీ చేయడానికి అలాంటి షరతు లేదు. పట్టభద్రుల స్థానానికి పోటీ చేసే వ్యక్తి పట్టభద్రుడు కానక్కర్లేదని సుప్రీంకోర్టు 1972లోనే తేల్చి చెప్పింది. ఉపాధ్యాయ స్థానానికీ అదే తర్కం వర్తిస్తుంది. 2025లో కరీంనగర్, మెదక్, నిజామాబాద్, ఆదిలాబాద్ ఉపాధ్యాయ స్థానం నుంచి గెలిచిన మల్క కొమరయ్య విద్యాసంస్థల అధిపతి.

ఈ సందేశంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట అప్పులకు సంబంధించినది. “బ్యాంకు లోను, ముద్రా లోను ఉన్నవారి నామినేషన్ తిరస్కరిస్తారు. కాబట్టి అఫిడవిట్‌లో అప్పుల గడి, భార్య పేరున ఉన్న ఆస్తుల గడి ఖాళీగా వదిలేయడం మంచిది” అని అందులో రాశారు. మిగతా తప్పులు మనిషిని పోటీకి రాకుండా ఆపుతాయి, అంతే. ఈ మాట మాత్రం ధైర్యం చేసి వచ్చినవాడి నామినేషన్‌ను చెత్తబుట్టలో వేయిస్తుంది, కొన్నిసార్లు జైలు గుమ్మం దాకా తీసుకెళ్తుంది.

అప్పు ఉండటం అనర్హత కాదు. దివాలాదారుడిగా కోర్టు ప్రకటించి, ఆ స్థితి నుంచి ఇంకా విముక్తి పొందనివారికే రాజ్యాంగం 191వ అధికరణం అడ్డు చెబుతుంది. సహకార సంఘాల ఎన్నికల్లో బకాయిదారులు పోటీకి పనికిరారన్న నిబంధన మన పల్లెల్లో అందరికీ తెలిసినదే కనుక, ఎవరో దానిని తెచ్చి శాసనసభకు తగిలించినట్టున్నారు. శాసనసభ అభ్యర్థి ఎంత అప్పులో ఉన్నా పోటీ చేయవచ్చు; చేయకూడనిదల్లా ఆ అప్పును దాచడం.

ఫారం 26 ఎలా ఉంటుందో ఒక్కసారి కళ్లతో చూసినవారు ఈ సలహా ఇవ్వరు. అది స్టాంపు కాగితం మీద, నోటరీ ముందు ప్రమాణం చేసి ఇచ్చే అఫిడవిట్. అందులో అభ్యర్థికి ఒక నిలువు గడి, జీవిత భాగస్వామికి ఒకటి, అవిభక్త కుటుంబానికి ఒకటి, ఆధారపడినవారికి వేర్వేరు గడులు ఉంటాయి. మన జిరాక్సు మాస్టారినే తీసుకుంటే, ఆయన చేతిలోని నగదు, బ్యాంకు ఖాతాలో నిల్వ, దుకాణంలోని యంత్రం విలువ, దాని మీద బ్యాంకుకు ఇంకా కట్టవలసిన బాకీ, భార్య మెడలోని బంగారం బరువు, దాని విలువ, ఇద్దరూ చివరి ఐదేళ్లలో దాఖలు చేసిన ఆదాయపు పన్ను రిటర్నుల్లో చూపిన ఆదాయం, ఆ ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందన్న వివరం, అన్నీ రాయాలి. లేని చోట “లేదు” అనో “వర్తించదు” అనో రాయాలి. గడిని ఖాళీగా వదిలితే రిటర్నింగ్ అధికారి పూరించమని నోటీసు ఇస్తారు, అప్పటికీ పూరించకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చునని సుప్రీంకోర్టు 2013లో స్పష్టంగా చెప్పింది. తెలిసి తప్పుడు వివరం ఇచ్చినా, ఇవ్వవలసినది దాచినా ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడతాయి. ఇంతకీ ఆ అఫిడవిట్ బీరువాలో ఉండే కాగితం కాదు. నోటీసు బోర్డు మీదకు ఎక్కుతుంది, ఎన్నికల సంఘం వెబ్‌సైటులో పెడతారు, ప్రత్యర్థి తరఫు వకీలు దానిని అక్షరం అక్షరం చదువుతారు. నిజాయతీగా రాస్తే ఏ ఇబ్బందీ లేని రెండు లక్షల అప్పును దాచమని ఒక చిరువ్యాపారికి చెప్పడం మేలు చేయడమా? ఈ సలహా ఇచ్చినవారు రేపు ఆయన పక్కన కోర్టు బోనులో నిలబడతారా? నిలబడరు. అప్పటికి వారు ఇంకో సందేశాన్ని పదిమందికి పంపే పనిలో ఉంటారు.

ఇంత చెప్పాక, ఆ సందేశంలో ఒక మాట నిజమని ఒప్పుకోవాలి. “ప్రభుత్వానికి సరుకు సరఫరా చేసేవారు పోటీ చేయలేరు” అని అది అంటోంది. 9ఎ సెక్షన్ సరిగ్గా ఆ మాటే చెబుతోంది: తన వ్యాపారంలో భాగంగా సంబంధిత ప్రభుత్వంతో సరుకు సరఫరాకు గాని, ఆ ప్రభుత్వం చేపట్టిన పనుల నిర్వహణకు గాని కుదుర్చుకున్న కాంట్రాక్టు అమల్లో ఉన్నంతకాలం ఆ వ్యక్తి అనర్హుడు. రాష్ట్ర ప్రభుత్వ శాఖ ఏదైనా నోటు పుస్తకాలు, ప్రింటింగ్ పని ఏడాది కాంట్రాక్టుగా ఇచ్చిన చిన్న వ్యాపారికి ఇది నేరుగా తగులుతుంది. సందేశం ఫార్వర్డు చేసినవారు ఈ ఒక్క అంశాన్ని పట్టుకుని ఉంటే నేను వారికి కృతజ్ఞతలు చెప్పేవాడిని. కానీ ఇక్కడ కూడా “జీవితాంతం” అన్న మాట చేర్చి పాడుచేశారు. కాంట్రాక్టు ముగిస్తే అనర్హత పోతుంది. అంతకన్నా ముఖ్యంగా, వ్యాపారి తన వంతు సరఫరా పూర్తిగా చేసేసి, ప్రభుత్వం వైపు నుంచి బిల్లు మాత్రమే రావలసి ఉంటే, ఆ కాంట్రాక్టు కొనసాగుతున్నట్టు లెక్కకట్టకూడదని ఆ సెక్షన్ వివరణలోనే రాసి ఉంది. మన రాష్ట్రాల్లో బిల్లుల కోసం నెలల తరబడి తిరిగే చిన్న సరఫరాదారులకు ఈ వివరణ విలువ ఏమిటో చెప్పనక్కర్లేదు.

చివరి అంశంగా, “కాలేజీల ఓనర్లే గెలుస్తారు, మామూలు మాస్టారికి ఎందుకీ ఆశ” అని ఎగతాళి చేశారు. నెల్లూరు సిటీలో 2024లో గెలిచిన నారాయణ, మేడ్చల్‌లో 2018లోనూ 2023లోనూ గెలిచిన మల్లారెడ్డి పేర్లు ఉదహరించారు. ఆ ఇద్దరూ పెద్ద విద్యాసంస్థల అధిపతులన్నది నిజం. శాసనసభ అభ్యర్థి ఖర్చు పరిమితి మన రెండు రాష్ట్రాల్లోనూ 40 లక్షలు. ఎన్నికల రోజుల్లో ఏ నియోజకవర్గంలో తిరిగినవారికైనా ఆ అంకె ఎంతవరకు అమలవుతుందో తెలుసు. డబ్బు అడ్డుగోడ అన్న మాటను నేను కాదనను. అయితే అది చట్టం కట్టిన గోడ కాదు, మనం కట్టిన గోడ. ఇల్లెందు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్యకు ఏ కాలేజీలున్నాయి? 2023లో కొల్లాపూర్‌లో స్వతంత్రురాలిగా నిలబడిన శిరీష, బర్రెలక్కగా పేరున్న ఆ నిరుద్యోగ పట్టభద్రురాలు, ఓడిపోయారు. కానీ ఆమె నామినేషన్‌ను ఎవరూ తిరస్కరించలేదు, పోలింగ్ దాకా నిలిచారు, రెండు రాష్ట్రాలూ ఆమె పోటీని చూశాయి. ఓడిపోవచ్చు అనడం వేరు, పోటీకే అర్హత లేదనడం వేరు. మొదటిది రాజకీయం, రెండోది పచ్చి అబద్ధం.

చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే డిపాజిట్ పోతుంది. చెల్లిన ఓట్లు 1,80,000 అయితే 30,000 దాటాలి. స్వతంత్రుడైన మాస్టారికి అది కష్టమే. పోయేది 10,000 రూపాయలు. దానికన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది, సందేశంలో దాని ఊసే లేదు. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, అందులో నుంచే ఖర్చు పెట్టాలి, రిజిస్టరులో రోజువారీ లెక్క రాయాలి, ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా ఆ లెక్కలను జిల్లా ఎన్నికల అధికారికి సమర్పించాలి. గెలిచినవారికీ, డిపాజిట్ పోయినవారికీ ఇది ఒకటే. ఓడిపోయాం కదా, ఇంకెందుకులే అని లెక్కలు ఇవ్వకుండా ఊరుకున్నవారిని ఎన్నికల సంఘం 10ఎ సెక్షన్ కింద మూడేళ్లపాటు అనర్హులుగా ప్రకటించవచ్చు. పోటీ చేయాలనుకుంటున్న ఉపాధ్యాయ మిత్రులకు, దుకాణదారులకు ఎవరైనా ఏదైనా పంపాలనుకుంటే, ఈ గడువు సంగతి పంపండి.