సవరణ: కల గుర్తులేనంత మాత్రాన రానట్టు కాదు

"గాజువాకలో నైట్ షిఫ్టు చేసేవాళ్లకు కలలే రావు" అని మొన్న రాశాం. అది తప్పు. వస్తాయి, గుర్తుండవంతే. కనుగుడ్లు చకచకా కదిలే నిద్ర దశ సుమారు 90 నిమిషాలకోసారి వస్తుంది (ఈ దశ ఉందని 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే నిద్ర పరిశోధకులు వెల్లడించారు). అప్పుడు లేపితే, కలలే రావనేవాళ్లలోనూ చాలామంది ఏదో ఒకటి చెబుతారు. మధ్యమధ్యలో మెలకువ వచ్చేవాళ్లకు ఎక్కువ గుర్తుంటాయి. అలారం మోగగానే లేచి బస్సుకు పరుగెత్తితే మాత్రం కల చెదిరిపోతుంది.

గుర్తుండాలంటే కళ్లు తెరవకుండా, ఒళ్లు కదపకుండా ఒకట్రెండు నిమిషాలు పడుకోండి. ఆఖరి దృశ్యం పట్టుకుని వెనక్కి వెళ్లండి. తలగడ పక్కనున్న పుస్తకంలో ముందు నాలుగు ముక్కలు గిలకండి: "వాన, ఆర్కే బీచ్, అమ్మమ్మ గొంతు". ఫోన్ తీస్తే అంతే సంగతులు.

"కలంటే కంటికి కనిపించే బొమ్మే" అన్నదీ పొరపాటే. పుట్టుకతో చూపు లేనివాళ్ల కలల్లో శబ్దం, స్పర్శ, వాసనలదే పైచేయి.