మీట నొక్కింది మనిషే, అయితే ఏంటి?

లక్ష్యాన్ని తామే ఎంచుకుని దాడి చేసే స్వయంచాలిత ఆయుధాలపై జెనీవాలోని ఐరాస వేదికలో 2014 నుంచి నలుగుతున్న చర్చ మొత్తం ఒక్క హామీ దగ్గరే ఆగిపోతోంది: చివరి నిర్ణయం మనిషిదే ఉండాలట. 2003 మార్చి 23న కూడా చివరి నిర్ణయం మనిషిదే. ఇరాక్ మీద దాడి ముగించుకుని కువైట్‌లోని స్థావరానికి తిరిగొస్తున్న బ్రిటిష్ టోర్నడో యుద్ధవిమానాన్ని అమెరికా పేట్రియాట్ బ్యాటరీ (విమానాలను, క్షిపణులను కూల్చే దళం) కూల్చేసింది. అందులోని ఇద్దరూ చనిపోయారు.

రాడార్ల మీదికి దూసుకొచ్చే క్షిపణిని పసిగట్టే కొలమానాలను, ఇరాక్ దగ్గర ఏమున్నాయో చూసి కాకుండా, ప్రపంచంలోని అన్ని రకాలకూ సరిపోయేంత వదులుగా పెట్టారు. కిందికి దిగుతున్న విమానం వాటిలో ఇమిడిపోయింది, యంత్రం దాన్ని క్షిపణి అనుకుంది. ‘నేను మీవాణ్నే’ అని చెప్పాల్సిన ఐఎఫ్ఎఫ్ పరికరం టోర్నడోలో పనిచేయలేదు. బ్యాటరీకి రావాల్సిన కమ్యూనికేషన్ సామగ్రి ఇంకా దారిలోనే ఉంది కాబట్టి గగనతలం పూర్తి చిత్రం సిబ్బందికి అందలేదు. వాళ్లకు దొరికింది సుమారు ఒక్క నిమిషం. పైగా వాళ్ల శిక్షణంతా త్వరగా స్పందించు, యంత్రాన్ని నమ్ము అనే. నమ్మారు, పేల్చారు.

అందుకే ‘మానవ నియంత్రణ’ అని రాసుకుని సంతకాలు పెడితే ఒరిగేదేమీ లేదు. ఆపరేటర్‌కు కనీసం ఎన్ని సెకన్లు? యంత్రం చెప్పింది సరిచూసుకోవడానికి దానితో సంబంధం లేని రెండో ఆధారం ఏది? యంత్రం చేసిన వంద సిఫార్సుల్లో ఎన్నింటిని కాదన్నాడు? ఈ మూడో లెక్క లాగ్‌లో, అంటే యంత్రం రికార్డులో, ఉండాలి. వందకు వంద ఒప్పుకునే ఆపరేటర్ ఉన్నా లేనట్టే.

2023 డిసెంబరులో ఈ ఆయుధాలపై ఐరాస సర్వసభ్య సభ తీర్మానానికి 152 దేశాలు అనుకూలం, నాలుగు వ్యతిరేకం. ఆ నాలుగింటిలో మనమూ ఉన్నాం. జెనీవా వేదిక ఉండగా మరొకటి ఎందుకన్నది ఢిల్లీ వాదన. చైనా ఆగదు, మనమెందుకు చేతులు కట్టుకోవాలన్నది ఇంకొందరిది. ఇందులో బలముంది, కాదనను. కానీ ఆ తీర్మానం అడిగింది దేశాల అభిప్రాయాలతో ఒక నివేదిక! జెనీవాలోనేమో ఏకాభిప్రాయం తప్పనిసరి, ఒక్క దేశం అడ్డుకున్నా బండి కదలదు.

అసలు ఈ జబ్బు యుద్ధానికే పరిమితం కాదు. తెలంగాణలో కంప్యూటర్ వడపోతతో, నోటీసైనా ఇవ్వకుండా రేషన్ కార్డులు రద్దు చేశారు. సుమారు 19 లక్షల కార్డులను మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. అక్కడా ఫైలు మీద అధికారి సంతకం ఉండే ఉంటుంది. తెర చూపించినదాన్ని కాదనే ధైర్యం, తీరిక, అధికారం ఆ అధికారికి ఎవరిచ్చారు?

హైదరాబాద్‌లోని అదానీ-ఎల్బిట్ కర్మాగారంలో హెర్మిస్ 900 డ్రోన్లు తయారవుతున్నాయి. వాటిని ఇవాళ దూరం నుంచి మనిషే నడుపుతున్నాడు, నిజమే. రేపు లక్ష్యాన్ని సూచించే సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు ఆ తిరస్కరణల లాగ్‌ను టెండరులోనే షరతుగా పెట్టడానికి రక్షణ శాఖ జెనీవా అనుమతి కోసం ఎదురుచూడక్కర్లేదు.