ముఖం చూసి పెట్టే పేరుకు ఏ సెక్షన్?

పొలిటికల్ కరెక్ట్‌నెస్, అంటే ఏ వర్గాన్నీ నొప్పించకుండా మాట్లాడాలనే పట్టింపు, అమెరికా జబ్బు, మనకెందుకు అనే వాదన ఈమధ్య తెలుగు చర్చల్లో జోరుగా వినిపిస్తోంది. అమెరికా సంగతి అలా ఉంచుదాం. మన హోటళ్లలో, మాల్స్‌లో, సెలూన్లలో పనిచేసే మణిపూర్, నాగాలాండ్, మిజోరం పిల్లల మీదికి ‘చింకీ’, ‘చైనా’, ‘మోమో’ అని విసిరే మాటలు ఏ దేశం నుంచి దిగుమతి అయ్యాయి? ఇది అచ్చంగా మన జబ్బే.

2014 జనవరిలో ఢిల్లీ లాజ్‌పత్ నగర్‌లో అరుణాచల్ విద్యార్థి నీడో తానియాను కొట్టిన గొడవ, అతని జుట్టునూ రూపాన్నీ ఎగతాళి చేయడంతోనే మొదలైంది. మర్నాడే అతను చనిపోయాడు. తర్వాత కేంద్రం వేసిన బెజ్‌బరువా కమిటీ, జాతి పేరుతో అవమానించడాన్ని నేరంగా చేసే 153సి, 509ఎ అనే రెండు కొత్త సెక్షన్లు శిక్షాస్మృతిలో చేర్చమంది. దర్యాప్తు 60 రోజుల్లో, విచారణ 90 రోజుల్లో ముగించాలంది. పదేళ్ల తర్వాత, 2024 జూలై 1 నుంచి, శిక్షాస్మృతి మొత్తాన్నీ తిరగరాసి భారతీయ న్యాయ సంహితగా అమల్లోకి తెచ్చారు. ఆ రెండు సెక్షన్లు మాత్రం అందులోకి రాలేదు.

దాని ఫలితం పోలీస్ స్టేషన్‌లో తెలుస్తుంది. ఇంఫాల్ నుంచి వచ్చిన మైతేయి కుర్రాణ్ణి రోడ్డు మీద ఎవడో ‘చింకీ’ అన్నాడనుకుందాం. కొత్త సంహితలోని సెక్షన్ 352 కింద, అంటే ఉద్దేశపూర్వక అవమానం కింద, ఫిర్యాదు చేస్తే అది నాన్ కాగ్నిజబుల్. మేజిస్ట్రేటు అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. సెక్షన్ 196లో ‘జాతి’ అనే మాట ఉంది కానీ, అది రెండు వర్గాల మధ్య వైరం రెచ్చగొట్టే నేరం. ఒక్కణ్ణి తిట్టినందుకు అది నిలబడదు, పైగా కోర్టు ఆ కేసును స్వీకరించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. మాటతో, సైగతో అవమానించడంపై ఉన్న సెక్షన్ 79 బాధితులు మహిళలైతేనే వర్తిస్తుంది. మిగిలింది అట్రాసిటీ చట్టం. ఈ మాటకు ఆ కేసే పెట్టాలని 2012లో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు చెప్పింది. కానీ బాధితుడు ఎస్సీ, ఎస్టీ అయి ఉండాలి, అన్నవాడు కాకూడదు, అది నలుగురి ఎదుట జరగాలి. నాగాలకూ మిజోలకూ ఆ దారి ఉంది. ఎస్టీ జాబితాలో లేని మైతేయిలకు, అస్సాం అహోంలకు, డార్జిలింగ్ నుంచి వచ్చిన గూర్ఖాల్లో చాలామందికి అదీ లేదు. ఒకే వీధిలో ఒకే తిట్టు తిన్న ఇద్దరు స్నేహితుల్లో ఒకరికి కేసు ఉంటుంది, రెండోవారికి ఉండదు.

ఐదుగురు గుంపుగా కూడి జాతి కారణంగా మనిషిని చంపితే మాత్రం కొత్త సంహితలో 103(2) సిద్ధంగా ఉంది. అంటే జాతి ద్వేషం చట్టానికి తెలియనిదేం కాదు. శవం లేచేదాకా ఆగుతుంది, అంతే.

సరదాకి, ముద్దుగా అంటామనేది అవతలివారి వాదన. సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడిన రోజుల్లో తనను ‘కాలూ’ (నల్లోడు) అని పిలిచేవారని, దాని అర్థం తెలిశాక కోపం వచ్చిందని వెస్టిండీస్ క్రికెటర్ డారెన్ సామీ 2020లో చెప్పాడు. ప్రేమతోనే అన్నామని ఒక సహచరుడు వివరణ ఇచ్చాడట. ప్రేమే కావచ్చు. అయినా, పిలిపించుకున్నవాడికి అర్థం తెలిస్తే బాధపడే పేరును అర్థం తెలియనంతసేపే వాడగలం.

మాటను చిన్న విషయమని తెలుగువాళ్లు ఎలా అనగలరు? 1982లో బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యకు జరిగిన అవమానం ఏడాది తిరక్కుండానే ప్రభుత్వాన్ని మార్చేసింది. ఎన్టీఆర్ ‘ఆత్మగౌరవం’ అన్నారు, జనం ఓట్లు గుద్దారు. ఉత్తరాదిలో మనల్ని గంపగుత్తగా ‘మద్రాసీ’ అంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంట న్యాయమైనదే. అది మన గడప దాటాక చల్లారిపోవడమే నాకు మింగుడుపడదు. ఆత్మగౌరవం మీద పుట్టిన పార్టీ ఈరోజు కేంద్ర ప్రభుత్వంలో భాగస్వామి. రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి 42 మంది లోక్‌సభ సభ్యులున్నారు. ఈ విషయంలో ఒక ప్రైవేటు మెంబర్ బిల్లుకు నోటీసు ఇవ్వడానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు.

కేంద్రం కదలకపోతే రాష్ట్రాలకూ దారి ఉంది. క్రిమినల్ చట్టం ఉమ్మడి జాబితాలోది. అసెంబ్లీ సవరణ చేసి రాష్ట్రపతి ఆమోదానికి పంపవచ్చు. 2019లో దిశ బిల్లుకు ఆంధ్రప్రదేశ్ నడిచిన దారి అదే. ఆ బిల్లుకు ఆమోదం దక్కలేదు నిజమే, కానీ అందులో మరణశిక్షలు, 21 రోజుల గడువులు ఉన్నాయి. ఇక్కడ కావలసింది అంత బరువైనది కాదు. బాధితుడి కుల ధ్రువీకరణ పత్రం అడగని, పోలీసులు నేరుగా నమోదు చేయగలిగే ఒక్క సెక్షన్ చాలు. కమిటీ రాసిపెట్టిన ముసాయిదా 2014 నుంచీ ఉండనే ఉంది.