మందు ఆపేయమని చెప్పే స్వేచ్ఛ

రక్తపోటుకు అమ్లోడిపిన్ వాడుతున్న వృద్ధురాలికి పాదాలు వాస్తాయి. ఆ వాపు మాత్ర వల్లే వచ్చిందని గుర్తించకపోతే, దాన్ని కొత్త జబ్బుగా ఎంచి మూత్రం ఎక్కువయ్యే మందు రాస్తారు. రాత్రి పదే పదే లేవడంతో నిద్ర చెడుతుంది. దానికొక నిద్రమాత్ర చేరుతుంది. ఆ మత్తులో చీకట్లో లేచి నడిచిన మనిషి పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే, తప్పు వయసుదేనని సరిపెట్టుకుంటాం.

వృద్ధుల మందులకు ప్రత్యేక మార్గదర్శకాలు కావలసింది ఇందుకే. వయసుతోపాటు మూత్రపిండాల పనితీరు తగ్గి చాలా మందులు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి. అయినా, ఎన్నో జబ్బులున్న వృద్ధులను ఔషధ ప్రయోగాల్లో చాలాసార్లు చేర్చుకోరు. ఈ పరిస్థితిలోనే 1991లో వైద్యుడు మార్క్ బీర్స్, ఆయన సహచరులు వృద్ధులకు తగని మందుల జాబితా వెలువరించారు. ఆ బీర్స్ ప్రమాణాలను ఇప్పుడు వృద్ధుల వైద్య నిపుణుల సంఘమైన అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ సవరిస్తోంది. గుండెజబ్బు లేని వృద్ధులకు కేవలం ముందుజాగ్రత్తగా ఆస్పిరిన్ కొత్తగా మొదలుపెట్టవద్దని 2023 సవరణ చెప్పింది.

కొత్త మందు మేలు చేస్తుందని నిరూపించే అధ్యయనానికి డబ్బు పెట్టే కంపెనీ ఉంటుంది. పాత మందు ఆపితే మనిషి తేరుకుంటాడని నిరూపించే అధ్యయనంతో లాభపడే అమ్మకందారు ఎవరూ ఉండరు. కాబట్టి మార్గదర్శకాలు రాసే బృందంలో ప్రతి సభ్యుడూ నిజాయతీపరుడే అయినా, వారి ముందుకు వచ్చే ఆధారాల రాశి ముందే ఒకవైపు ఒరిగి ఉంటుంది. ఆ బృందంలోనే కంపెనీల నుంచి ఉపన్యాస పారితోషికాలు అందుకున్నవారు ఉంటే ఆ ఒరుగు ఇంకా పెరుగుతుంది. ఆ సంబంధాలను చివరి పేజీలో చిన్న అక్షరాల్లో వెల్లడిస్తే సరిపోతుందన్న వాదనను మేం అంగీకరించం. బృందానికి అధ్యక్షత వహించేవారికి అలాంటి సంబంధాలు ఉండకూడదనీ, ఉన్న సభ్యులు మైనారిటీకి మించరాదనీ, నిధులిచ్చినవారికి సిఫార్సుల రూపకల్పనలో పాత్ర ఉండరాదనీ వైద్య విషయాల్లో సలహాలిచ్చే అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2011లోనే చెప్పింది.

కంపెనీలతో పనిచేసినవారిని దూరం పెడితే నైపుణ్యం కరవవుతుందన్న అభ్యంతరంలో కొంత నిజముంది. వారి అనుభవాన్ని తప్పక వినాలి. సిఫార్సు ఖరారయ్యే వేళ మాత్రం వారు గది బయట ఉండాలి.

మార్గదర్శకాలు రాసే పనికి ప్రజాధనమే ఆధారం కావాలి, అదీ ఒక్క జాబితాతో ఆగిపోకుండా ప్రతి సవరణకూ అందాలి. అయితే మందుల ఖర్చు భరించే ప్రభుత్వానికీ పొదుపు మీద ఆశ ఉంటుంది. అవసరమైన ఖరీదైన మందును తప్పించాలన్న ఒత్తిడి అటునుంచీ రావచ్చు. కంపెనీకి పెట్టిన హద్దే ప్రభుత్వానికీ పెట్టాలి. ఎవరు డబ్బిచ్చారో, ఏ సిఫార్సుపై ఏ సభ్యుడు చర్చ నుంచి తప్పుకున్నారో మార్గదర్శకాల మొదటి పేజీలోనే అచ్చు వేయాలి.